ఆ ఫోర్క్ గొట్టం కొయ్యకు

అన్నయ్యా, లేవగానే సైకిల్ దగ్గరికి పోకుండా ముందు ఇది చదువు. ముందు చక్రానికి తెచ్చిన కొత్త ఫోర్క్ ఉందే, పొడుగైందని దాని పై గొట్టం కొయ్యకు. కోశావంటే షాపువాళ్లు వెనక్కి తీసుకోరు.

స్ప్రింగు ఫోర్క్ నూనె కారుతోంది, తీసేసి స్ప్రింగు లేనిది వేద్దామన్నది నేనే. కాదనను. కానీ నేను డ్యూటీలో ఉన్నప్పుడు, గోడకి ఆనించిన ఖాళీ సైకిల్‌కి టేపు పెట్టి, అచ్చం అంత పొడవుదే పట్టుకొచ్చావు చూడు, అక్కడ మండింది నాకు. నేనెక్కితే పాత స్ప్రింగు రెండు వేళ్ల మందం దిగుతుంది. కొత్తదానికి స్ప్రింగే లేదు, అదెందుకు దిగుతుంది? హ్యాండిల్ పైకి లేచిపోయి, ఆసుపత్రి గుట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రం నేల మీద నిలవదు.

మెకానిక్ "ఎవరు తొక్కుతారు, బరువెంత?" అని అడిగాడట. "మా చెల్లెలేలే, ఏదో ఒకటి ఇచ్చెయ్" అన్నావట. అతనే చెప్పాడు, పైగా నవ్వుతూ. ఏదో ఒకటా? ఆ గుట్ట మీద పగిలేది నీ మూతి కాదుగా!

నువ్వు ఊడదీసిన పాతది మళ్లీ బిగించి ఉంచు. సాయంత్రం వచ్చి నేనెక్కి కూర్చుంటా, అప్పుడు పెట్టు టేపు. కొత్తది గీతలు పడకుండా డబ్బాలో పెట్టెయ్. నీ పుణ్యమా అని ఇవాళ నడిచే పోతున్నా.

నిన్న చీరుకున్న బొటనవేలికి మందు రాసుకో, పై అరలో ఉంది. కోపం తగ్గిందనుకోకు.

రంపం కోసం ఇల్లంతా తిరగెయ్యకు, నా బ్యాగులో ఉంది. పక్కింటి బాబాయిని అడుగుదామనుకుంటున్నావేమో, ఆయనదీ నా బ్యాగులోనే ఉంది.