శనివారం లేవని ఎద్దులు

నాయనా,

ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం దిగేట్టు లేదు!

నువ్వు దేవుని దగ్గరికి పోయినాక, మొన్న ఎండల్లో నీ ఎద్దుల జతను పక్కచేని ఈశ్వరయ్య మామకు అమ్మినాం. అదే, మన శనివారం విశ్రాంతి దినాన్ని "సోమరోళ్ల పండగ" అని ఇన్నేళ్లూ ఎక్కిరించిన మామకే. నిన్న సాయంత్రం తొలి వాన పడింది. ఈ పొద్దు శనివారం. నేల పదును ఆరిపోకముందే కంది వెయ్యాలని మామ ఎద్దుల్ని చేనికి తోలుకుపోయినాడు. కాడి ఎత్తే వేళకు మన చర్చి మొదటి గంట మోగింది. అంతే, రెండూ చేలోనే పండుకున్నాయి!

అదిలించినాడు, తోక మెలిపెట్టినాడు. ఊహూఁ. చర్చికి పోతున్న నన్ను చూసి కేకేసినాడు.

"ఏందమ్మే ఇది! మీ నాయన వీటికి గూడా బాప్తిస్మం ఇప్పించినాడా?"

నాకు నవ్వు ఆగలేదు. "లేదు మామా. ఎద్దుకు గూడా ఈ రోజు విశ్రాంతేనని దేవుడు ఆజ్ఞలోనే చెప్పినాడు గదా. ప్రతి శనివారం మొదటి గంటకు నాయన వీటిని పండుకోబెట్టి, పక్కన కూర్చొని మెడలు గోకేవాడు."

"తర్వాత?"

"తర్వాత ఏం లేదు. ఊరికే కూర్చునేవాడు."

మామ ములుకోల గట్టున పారేసి, గొణుక్కుంటా వాటి పక్కన కూలబడినాడు. నేను చర్చి నుంచి తిరిగొచ్చేటప్పుడు గూడా అక్కడే ఉన్నాడు, పెద్దెద్దు మెడ గోకుతా.

నువ్వు ఎన్నిసార్లు పిలిచినా మామ ఒక్క శనివారమూ కూర్చోలేదు. నీ ఎద్దులు కూర్చోబెట్టినాయి నాయనా!