కవరుకు అంటుకున్నది

గంజాం

ప్రియమైన జగదీష్,

నాకు చెవుడని రాశావు. చెవుడు కాదు. ఫోనులో మీరంతా నోట్లో తాటిముంజె పెట్టుకున్నట్టు మాట్లాడతారు. ఉత్తరమైతే గొణగదు.

సూరత్ బట్టల మిల్లులకు ఆర్డర్లు పడిపోయాయనీ, మనుషుల్ని తీసేస్తున్నారనీ ఊరంతా అంటోంది. మీ మిల్లు ప్రేమ్ పరుపుచుట్టతో సహా దిగిపోయాడు. నువ్వు బాగున్నావని చెప్పాడు గాని, నాతో కాదు, గోడమీది క్యాలెండరుతో చెప్పాడు. నీ పెళ్లాం రోజూ పెట్టె సర్దుతోంది, విప్పుతోంది. ఆ తాళం చప్పుడు మాత్రం నాకు బాగానే వినిపిస్తోంది. నువ్వు రమ్మనకపోతే తనే టిక్కెట్టు కొనుక్కుంటుందట.

ఉద్యోగం ఉందా, లేదా? ఒక్క మాట రాయి.

నీ అబద్ధాలు మొదట దిద్దిన పంతులమ్మ,
నాయనమ్మ


సూరత్

ప్రియమైన నాయనమ్మకు,

ఉద్యోగానికి ఢోకా లేదు. కొంతమందిని తీసేశారు, నేను మిగిలాను. పని పెరిగింది, తెల్లవారకముందే లేవాలి. అరుణను ఇప్పుడే పంపకు. గది ఇరుకు, నీళ్లు సరిగా రావు. ఎండలు తగ్గాక చూద్దాం. మళ్లీ మళ్లీ అడగకు.

నీ మనవడు,
జగదీష్


గంజాం

ప్రియమైన జగదీష్,

ఇదివరకు నీ కవరు జిగురులో ఎప్పుడూ ఇంత దూది నూగు అంటుకుని వచ్చేది. తపాలా ముద్ర ఈసారీ ఊరు తెలియకుండా అలికేశారు గాని, నూగుకు బదులు ఏదో తళుక్కుమంది. అరుణ దాన్ని వేలిమీద పెట్టుకుని వాసన చూసింది.

"కవళ్ల సేప పొలుసిది మామ్మా. సూరత్ మిల్లులో కవళ్లు నేస్తన్నారేటి?"

నవ్వలేదు. సర్దిన పెట్టె మీద కూర్చుండిపోయింది.

చేపల వ్యాను డ్రైవరు గురువులుని పిలిపించాను. "జగదీష్ బరంపురం చేపల షెడ్డులో ఐసు కొడతన్నాడని నాను సెప్పను పంతులమ్మా, ఒట్టేసినాను" అన్నాడు. ఒట్టు నిలబెట్టుకున్నాడు పాపం. నా ఉత్తరాన్ని సూరత్‌లోని నీ గది స్నేహితుడు ఫోటో తీసి నీకు పంపాడన్న సంగతి కూడా అలాగే చెప్పలేదు.

మిల్లువాళ్లు నీ పేరు కొట్టేశారు, సరే. ఇంట్లో కూడా కొట్టేసుకొమ్మని నీకెవరు చెప్పారు? గంట దూరంలో ఉండి దేశం అవతల ఉన్నట్టు రాయడం ఐసు కొట్టడం కంటే కష్టమై ఉంటుంది. చేతులకు వాసనని జంకకు. ఆ వాసన అరుణకు పుట్టింటిది.

అది సూరత్ టిక్కెట్టు కొనేసింది. ఈ ఉత్తరంతో పాటు గురువులు చేతికిచ్చాను. రైలు శనివారం. ఆలోగా బరంపురం స్టేషను కౌంటరులో రద్దు చేయించి, అదే వ్యానులో ఇంటికి రా. చేపలు తేవద్దు, ఇక్కడున్నాయి. బరంపురం అప్పడాలు ఒక కట్ట పట్రా. విరగనివి చూసి.

నాయనమ్మ