విసిగిపోయిన పౌరుడు

గౌరవనీయులైన మాస్టారికి నమస్కారాలు.

మీ దంపతుల ఉద్యమ కాగితాలు పద్నాలుగు పెట్టెలూ మా పత్రభాండాగారానికి క్షేమంగా చేరాయి. కేటలాగులో మిమ్మల్ని ఉద్యమకారుడు-1, అమ్మగారిని ఉద్యమకారిణి-2 అని రాసుకున్నాను.

ఏడో పెట్టె దగ్గర చిక్కొచ్చి పడింది. మిమ్మల్ని తిడుతూ ‘విసిగిపోయిన పౌరుడు’ రాసిన ఉత్తరాలు నలభై ఒకటి ఉన్నాయి. ఎవరు రాసినవి వాళ్ల పేరునే పెట్టాలని మా నియమం. ఎవరండీ ఈయన?

ఇట్లు,
కేటలాగు గుమాస్తా

తా.క. పదో పెట్టెలో ఒంటి చెప్పు ఉంది. అది ఏ ఉద్యమానిది?

*

గుమాస్తాగారికి,

పొద్దున్నే ఎవడి పేరెత్తారండీ! ముప్పై ఏళ్లుగా నన్ను కాల్చుకుతిన్నాడు. రైలుపట్టాల మీద నడకవంతెన కావాలని నేను మొదటి మీటింగు పెట్టానా, మర్నాడే వాడి మొదటి ఉత్తరం. నేను ‘సోదరులారా’ అని పదిహేడుసార్లు అన్నానట! కూర్చుని లెక్కపెట్టాడు!

ఇప్పుడిక ఓపిక లేదు. ఉద్యమాలకి ఓ దండం పెట్టేసే పెట్టెలు మీకిచ్చాను. వాడెవడో నాకు తెలియదు.

ఇట్లు,
మాస్టారు

తా.క. చెప్పు ఉద్యమానిది కాదు, సభికులది. రెండోదీ విసిరితే జత అవుతుందని దాచాను.

*

మాస్టారికి నమస్కారాలు.

మీ జవాబుతో ఉన్న మతి కాస్తా పోయింది. ఆ ఉత్తరాల అడుగున వాటి చిత్తుప్రతులు కూడా దొరికాయి, కొట్టివేతలతో సహా. పోస్టులో వచ్చేది అసలు ప్రతి. చిత్తేమో రాసినవాడి ఇంట్లోనే ఉండాలి కదా! అది మీ పెట్టెలోకెలా వచ్చింది? మీరు గానీ ఆయనింటికి వెళ్లి... అడగడానికి నోరు రావడం లేదు.

ఒక చిత్తు వెనక ‘తాళం పక్కింట్లో ఉంది. మిషనుకి నూనె తెండి’ అని ఉంది. దీన్నిబట్టి ప్రత్యర్థి మీ పక్కింటివాడనీ, మిషను ఉన్నవాడనీ తేల్చాను.

ఇట్లు,
కేటలాగు గుమాస్తా

తా.క. శత్రువు ‘తెండి’ అని అంత మర్యాదగా ఎందుకు రాశాడో మా పై అధికారికి కూడా అంతుపట్టలేదు.

*

గుమాస్తాగారికి,

నన్ను దొంగని చేశారు, బాగుంది. మా పక్కింటాయన దర్జీ. ఇంట్లో రెండు మిషన్లు! మీ ఉత్తరం పట్టుకెళ్లి వీధిలో నిలబడి కడిగేశాను. ఆయన మా నిచ్చెన తిరిగిచ్చేశాడు. ఇరవై ఏళ్ల స్నేహం గంగలో కలిసింది. మా ఆవిడ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

ఇట్లు,
మాస్టారు

తా.క. నిచ్చెనకి రెండు మెట్లు తక్కువున్నాయి. దాని మీద వేరే దెబ్బలాట ఉంది.

*

బాబూ,

మాస్టారి ఉత్తరాలు మా వీధి చివర డబ్బాలో వేసేది నేనే. చదవకుండా ఏనాడూ వేయలేదు. పాపం, ఆ దర్జీని వదిలెయ్యి. విసిగిపోయిన పౌరుణ్ణి నేనే.

మొదటి మీటింగుకి నలుగురం ఉన్నాం. ఇంటికొచ్చి ఆయన “ఈ జనానికి వంతెన అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు” అని ముసుగు తన్నారు. నాకు కావాలి వంతెన. బతిమాలితే లేచే మనిషి కాదు. అందుకని తిట్టాను. లేచారు. పదకొండేళ్లకి వంతెన వచ్చింది.

పెట్టెలు మీకు పంపినప్పటి నుంచి మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. మొన్న బస్టాపు రేకులు పీకేస్తే కిటికీ తీసి కూడా చూడలేదు. దెబ్బలాటకి లేచిన ఆ పూటే లేవడం. నాకు భయంగా ఉంది బాబూ. నలభై రెండో ఉత్తరం ఇందులో పెట్టాను. ఇదివరకు ఆయన కంటపడకుండా నాలుగు వీధులవతల డబ్బాలో వేసేదాన్ని, ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. నువ్వే అక్కణ్ణుంచి పంపించు. ఆయనకి మాత్రం చెప్పకు.

ఇట్లు,
ఉద్యమకారిణి-2

తా.క. పదిహేడుసార్లు కాదు, పందొమ్మిది. మొగుడు కదా అని రెండు తగ్గించాను.

*

గుమాస్తాగారికి,

ఈ ఉత్తరం నేనే నడిచెళ్లి డబ్బాలో వేస్తున్నాను, ఆవిడ చదవకుండా.

ఆవిడ మీకు చెప్పేసిందని తెలిసింది. ఎలా తెలిసిందో చివర చెబుతాను. నాకు మొదటి ఉత్తరంతోనే తెలుసు. ఆ మీటింగులో ఉన్నది నేను, ఆవిడ, మైకు అతను, కుర్చీలు అద్దెకిచ్చినాయన. మైకు అతనికి చదువు రాదు. కుర్చీలాయన రెండో నిమిషానికే గుర్రుపెట్టాడు. ఇక లెక్కపెట్టిందెవరు?

ఆ చిత్తులు ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి తీసి పెట్టెలో వేసింది కూడా నేనే. లేకపోతే రేపు మీ దగ్గరికొచ్చేవాళ్లకి నా సోది ఒక్కటే మిగులుతుంది, ఆవిడ చేసిన పని మిగలదు. నాకేమీ తెలియదని ఆవిడ నమ్మాలని, పక్కింటాయనకి ముందే చెప్పుకుని దెబ్బలాడాను. నిచ్చెన మాత్రం ఆయన సొంత కవిత్వం.

మీ నియమం ఏమైనా సరే, ఆవిడ ఉత్తరాలు నావాటి పక్కనే ఉంచండి. ఆవిడకి చెప్పకండి, తెలిస్తే రాయడం మానేస్తుంది. నా మాటలు అంత శ్రద్ధగా విన్నవాళ్లు నాకింకెవరూ లేరు. రేపు సాయంత్రం బస్టాపు దగ్గర మీటింగు పెట్టాను.

ఇట్లు,
ఉద్యమకారుడు-1

తా.క. నలభై రెండో ఉత్తరం అందింది. దాన్ని మీ ఆఫీసు కవర్లో, ఆఫీసు ముద్ర వేసి, ‘విసిగిపోయిన పౌరుడు, కేరాఫ్ పత్రభాండాగారం’ అని రాసి పంపారు. కవరు ఆవిడ కంటపడకుండా చించేశాను. వచ్చేసారి మామూలు కవరు వాడండి బాబూ.