నీ ముఖానికి తెరుచుకున్న నా ఫోన్

సపనక్కా, కుక్కర్‌లో అన్నం ఉంది, పప్పు వేడి చేసుకో. గ్యాస్ ఆయన వస్తే సిలిండర్ లోపల పెట్టాకే ఓటీపీ చెప్పు.

నా ఫోన్‌లో ఫేస్ లాక్ తీసేశాను. ఇక నంబర్ లాకే. అడగకు.

వారం నుంచి నేను తెరవని మెసేజ్‌లు ఎవరో చదివేస్తున్నారు. మూడుసార్లు లాక్ నంబర్ మార్చాను. మంచం మీదున్న నాన్నని, పక్క ఖోలీలో ఉండే కిష్టమ్మత్తని కూడా అనుమానించాను. నిన్న స్నానానికి వెళ్తూ సబ్బు మరిచి వెనక్కి వచ్చాను. నువ్వు కిటికీ దగ్గర నా ఫోన్ ముఖానికెదురుగా పట్టుకున్నావు. అది తెరుచుకుంది! "మీ ఇద్దర్ది ఒక్కటే మొఖం" అని కిష్టమ్మత్త అంటే నవ్వేదాన్ని. "టైమ్ చూస్తున్ననే" అన్నావు. గోడ మీద గడియారం లేదా?

పుణె ఆసుపత్రి ఉద్యోగం మెసేజ్ కూడా మాయమైంది. నేను వెళ్లిపోతానని తీసేశావు కదూ? నాన్న కాలు బాగయ్యేదాకా రానని నేనే రాద్దామనుకున్నాను. అయినా అది నేను చెప్పాల్సిన మాట. ఇక్కడ వర్లిలో ఉన్న వాళ్ల ఆఫీసుకు వెళ్లి అడుగుతాను.

కోమల్

చెప్పులు వేసుకుంటుంటే ఆసుపత్రి వాళ్లే ఫోన్ చేశారు. సోమవారం చేరతానని నా ఫోన్ నుంచి జవాబు వెళ్లిందట. "నాన్నను అక్క చూసుకుంటది" అని కూడా రాశావట. నేను వద్దంటానేమోనని మెసేజ్ తీసేశావన్నమాట. ఇక వర్లికి వెళ్లను, నాన్న మందులకు వెళ్తున్నా. అడక్కుండా రాసినందుకు కోపం పోలేదు. అయినా సోమవారం పొద్దున పుణె బండి ఎన్నింటికో చూసిపెట్టు. నీ ఫోన్‌లో.