కంచె మీది తోడేలు

కువైత్,
11 అక్టోబరు 1990, గురువారం.

చిరంజీవి సౌభాగ్యవతి తిరుపాలమ్మకు అన్న ఖాసిం వలి దీవెనలు.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను చెల్లెమ్మా. కాగితం లేదని కొన్నాళ్ళు, కలం లేదని కొన్నాళ్ళు తప్పించుకున్నాను. ఇవాళ హుస్సేన్ బీ రెండూ తెచ్చి నా ముందు పడేసింది. ఆమె మన రాయచోటి మనిషే, ఇక్కడి ఫర్వానియా పేటలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. రేపు బస్సెక్కి బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు, అక్కడినుంచి విమానంలో ఇంటికి పోతుంది. పోస్టాఫీసులు మూసేశారు కాబట్టి ఇప్పుడు మాకు ఆమే పోస్టాఫీసు.

పైన కువైత్ అని రాశాను. ఇరాక్ వాళ్ళు వచ్చాక ఆ పేరు రాయకూడదట. అలవాటైన చెయ్యి, హుకుములు దానికి తెలియవు. దాని కింద “ఇక్కడ మేమంతా క్షేమం” అని కూడా రాయబోయి ఆగాను.

నేను బడికి పోలేదని నీకు తెలుసు. బస్సు బోర్డులు చూసి తెలుగు, సినిమా పోస్టర్లు చూసి ఉర్దూ, కఫీల్ (మా అరబ్బు యజమాని) తిట్లు విని అరబ్బీ నేర్చుకున్నాను. నీకూ చదువు వచ్చని మీ ఆయన గొప్పగా చెప్పేవాడు. అది తలుచుకుని మొదటిసారి భయపడుతున్నాను.

సంగతిలోకి వస్తాను. మీ ఆయన తిమ్మయ్యా నేనూ పనిచేసేది కబ్ద్ ఎడారిలో, కఫీల్ గొర్రెల దొడ్డిలో. ఆగస్టులో ట్యాంకులు రాగానే కఫీల్ పిల్లాజెల్లాతో సౌదీకి పోయాడు. పోతూ పోతూ గొర్రెల్నీ, తోడేళ్ళను కొట్టే తుపాకీనీ మాకు అప్పజెప్పాడు. తర్వాత సైన్యం చాటించింది: పిట్టల తుపాకీ అయినా సరే, తెచ్చి ఒప్పజెప్పాలి, దాచినవాడి ప్రాణం దక్కదు అని.

తిమ్మయ్య ఆ రోజే లేచాడు. ఇచ్చేద్దాం పా బావా, మనదా ఏంది ఇది, ఆయప్ప సౌదీలో ఏసీ కింద పండుకోనుండాడు, వాని గొర్రెలకు మనం సావల్నా అన్నాడు. ఇచ్చేస్తే రేపు తోడేళ్ళకు ఏం జెప్తావురా, అరబ్బీలో అర్జీ పెట్టుకుంటావా అని నేను ఎగతాళి చేశాను. నీకు అరబ్బీలో పద అనడానికి ‘యల్లా’, అయిపోయింది అనడానికి ‘ఖలాస్’ తప్ప రావు గదా అన్నాను. నవ్వేశాడు. మీ ఆయన్ను నవ్విస్తే చాలు, ఏ పనైనా చేయించవచ్చు. తుపాకీని బార్లీ బస్తాల మధ్య పెట్టాం.

తోడేళ్ళు గట్టివి తల్లీ. తుపాకీ చప్పుడు ఆగిందని మనకంటే ముందు వాటికే తెలుస్తుంది. మొదట దూరంగా కూర్చున్నాయి, తర్వాత కంచె దగ్గరికి వచ్చాయి, ఆ తర్వాత చూలు గొర్రెను ఈడ్చుకుపోయాయి. ఒక తెల్లవారుజామున మీ ఆయన బస్తాలు తప్పించి తుపాకీ తీశాడు. ఒక్క దెబ్బ. పెద్ద మగ తోడేలు.

దీన్ని పూడ్సిపెడ్దాం బావా అన్నాడు. నేను వినలేదు. చంపిన తోడేలును కంచెకు తలకిందులుగా కట్టడం ఇక్కడి ఎడారి తెగల, బదూల పద్ధతి. ఆ వాసనకు మిగిలినవి దగ్గరికి రావు. ఇన్నేళ్ళుగా కడుతున్నాను, ఆ పొద్దూ కట్టాను. ఈ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను.

మధ్యాహ్నం సైనికులు గొర్రెల కోసం వచ్చారు. హవల్దారు కూడా గొర్రెలు కాసినవాడేనట. గొర్రెల్ని వదిలి తోడేలు చుట్టూ తిరిగాడు. బొచ్చు పాయదీసి గుండు దూరిన గాయంలో వేలు పెట్టాడు, అది బయటికి వచ్చిన గాయంలో పెట్టాడు. దీన్ని కుక్క కరిచిందా, రాయి తగిలిందా అని నవ్వుతూ అడిగాడు. వాళ్ళు బస్తాలు చీల్చి తుపాకీ తీశారు. కాల్చింది ఎవరు అన్నాడు. తిమ్మయ్య ముందుకొచ్చి నేనే అన్నాడు. మొగోడమ్మా మీ ఆయన. జీపులో ఎక్కించుకుని పోయారు.

నువ్వు గుండె రాయి చేసుకోవాలి. నీకు ఏ కబురూ లేకుండా చేయను.

ఇట్లు,
నీ అన్న,
ఖాసిం వలి

తా.క. సంతకం చేసి, మడిచి హుస్సేన్ బీకి ఇచ్చాను. అంతా రాసినావా అన్నా అని అడిగింది, అంతే. మళ్ళీ విప్పాను.

తోడేలును కాల్చింది తిమ్మయ్య కాదు, నేను. ఆ పొద్దు మీ ఆయన నీళ్ళ ట్యాంకరు కోసం రోడ్డు మీదికి పోయాడు. వచ్చి చూసి, నన్ను తిట్టి, పూడ్చమన్నాడు. ఇన్నేళ్ళకు నా చేతిలో ఒకటి పడింది, నలుగురూ చూడొద్దా అని కట్టాను.

హవల్దారు ఎవరు అని అడిగినప్పుడు తిమ్మయ్య ముందుకు రాలేదు. అడిగింది అరబ్బీలో. జవాబు చెప్పింది నేను. “వీడే” అని చేయి చూపించాను. నేను ఏమన్నానో అతనికి తెలియదు. నేను మాట్లాడితే ఎప్పుడూ ఊపినట్టే తల ఊపాడు. జీపు ఎక్కేటప్పుడు, ఏమంటాండారు బావా, యాడికి అంటా అని నన్నే అడిగాడు. ఊరికే, సంతకానికి అన్నాను.

నిన్న, పట్టుకుపోయినవాళ్ళను పెట్టిన బడి దగ్గరికి పోయాను. కాల్చింది నేను, వాణ్ణి వదలండి అన్నాను. రాసుకున్నాం, ఖలాస్, పో అన్నాడు కాపలావాడు. చేతిలో రొట్టెల సంచి ఉంది, తిమ్మయ్యకు అని ఇచ్చాను. లోపల లేనివాళ్ళ సంచులు తిరిగి ఇచ్చేస్తారట. పొద్దుగూకేదాకా గేటు దగ్గర కూర్చున్నాను. ఎవరూ సంచి తెచ్చి ఇవ్వలేదు.