చీకట్ల చూసే కెమెరా

2007 ఆగస్టు 3
ఇంకొక గణపతికి అతుకు. కుడిచెయ్యి కాడ పచ్చి ప్లాస్టర్. నేను వెట్టింది కాదు. రాత్రి ఎవడో షెడ్డుల జొచ్చి చెయ్యి ఇరగ్గొడ్తుండు, మల్ల అతికిచ్చి పోతుండు. నాలుగోది ఇది.
ఎవడో ఏంది... గోడవతల కిషన్‌గాడే. సొంత తమ్ముడు. బాపు అచ్చులు నాకొచ్చినయని నాలుగేండ్ల సంది మాట లేదు.

ఆగస్టు 4
జహనుమా గణేశ్ కమిటీ యాదగిరి బొమ్మ చూడ వచ్చిండు. అతుకు మీద వేలు వెట్టిండు. "ఇరిగిన దేవుణ్ణి కూసవెట్టాల్నా మామా మేము?"
నలబై ఏండ్ల పని నాది. ధూల్‌పేట్ల గింత మాట ఎవడనలే. బజార్ల నిలవడి కిషన్‌ను దొంగ అన్న. అందరు ఇన్నరు. వాడు తలుపేసుకున్నడు.
ఇంటికొస్తే నా పెండ్లాం అంజమ్మ లొల్లి — "తమ్ముణ్ణి గట్లంటరా? కండ్లార చూసినవా?"
చూస్త. కెమెరా వెట్టి చూస్త.

ఆగస్టు 6
కెమెరా షాపు. "చాచా, రాత్ మే దిన్ జైసా దిక్తా" అంటడు. రాత్రి గూడ పగటి లెక్క కనవడ్తదంట. చూపెడుతుంది పట్టపగలు, ట్యూబులైటు కింద! లైటు బంజెయ్యరా అంటే గిరాకి పోతదంట.
ఖాళీ అట్టడబ్బల కెమెరా వెట్టి మూత మూసిన. టీవీల బొగ్గు లెక్క నలుపు. గిదేనా నీ దిన్?
ఇంకొకటి తీసిండు. చుట్టు మస్తు చిన్నలైట్లు. డబ్బ లోపలి గీతలు గూడ కనవడ్డయి. తీస్కున్న.

ఆగస్టు 7
రాత్రి షెడ్డుల బొమ్మలకు ఎదురుంగ వెట్టిన. పొద్దుగాల రికార్డు చూస్తే టీవీ అంత తెలుపు. సున్నం కొట్టిన గోడ లెక్క. ఏం కెమెరా!

ఆగస్టు 8
షాపోడు — "చాచా, దాని లైటు తెల్లబొమ్మల మీద వడి తిరిగొస్తది. రంగులేసినంక వెట్టు."
రంగులేసినంక దొంగకు దండెయ్యనీకా?
నాది గూడ తప్పే. అట్టడబ్బ చూసిన గని ప్లాస్టర్ ముక్క వట్టుకపోలే.

ఆగస్టు 9
గణపతి చెయ్యి సంచిల ఏసుకొని షాపుకు పోయిన. నాలుగు కెమెరాలు. ఒక్కొక్కదాని ముందట చెయ్యి వెట్టుడు, డబ్బ మూసుడు. గిరాకోళ్ళు నవ్వుడు. నవ్వనీ.
మూడోది తేట. లైట్లు తక్కువ. వేళ్ళు లెక్కవెట్టొచ్చు. "చిన్నగుందని దీన్ని ఎవరు కొనరు చాచా." నేను కొన్న. బొమ్మలకు ఎదురుంగ కాదు, పక్కకెల్లి వెట్టిన.

ఆగస్టు 11
ఒక సాలెపురుగు. రాత్రంత అదే.
"దొంగ దొరికిండా? ఎనిమిది కాళ్ళున్నట్టున్నయి" — అంజమ్మ.

ఆగస్టు 13
దొరికిండు.
ముందుగాల ఎవ్వరు లేరు. పిల్లి గూడ లేదు. బొమ్మ చెయ్యి దానంతట అదే జారింది. పడ్డది. ఉత్తగనే.
గా ఎన్క, రెండిండ్ల నడిమి తలుపుకెల్లి కిషన్. చప్పుడుకే లేచినట్టుండు. చేతుల గిన్నె, కొబ్బరిపీచు. పడ్డ చెయ్యి ఎత్తి తుడిచిండు. తడి పీచు చుట్టిండు, ప్లాస్టర్ వెట్టిండు. బొటనవేలుతోని నున్నగ చేసిండు — అచ్చం బాపు లెక్క. పోతుపోతు మిగిలిన బొమ్మల చేతులు గూడ తట్టి చూసిండు.
మూడుసార్లు చూసిన. నాలుగోసారి టీవీ బంజేసిన.

ఆగస్టు 14
ఒక బొమ్మ పగలగొట్టి చూసిన. లోపల పీచు లేదు, ఉన్నా పేరుకే. పీచు లేకుంటే చెయ్యి యాడ నిలుస్తది? ఈ ఏడు కలిపింది నేనే. నా చేతులు గుంజుతున్నయని పీచు తక్కువేసిన. ఎవ్వరికి చెప్పలే.
"ఏమన్న వడ్డదా?" — అంజమ్మ.
"ఏం వడలే. అంత తెల్లగుంది."
"ఔనా" అన్నది. ఇంకేం అడగలే. దానికి ముందే ఎర్కనా ఏంది...
దొంగ అన్నది బజార్ల. చెప్పేది గూడ బజార్లనే చెప్పాలె. కిషన్ ఇంటి ముందటికెల్లి రెండుసార్లు నడిచిన. వాకిట్ల కూసోని బొమ్మకు కండ్లు గీస్తుండు. తలెత్తలే. నేను ఆగలే.

ఆగస్టు 15
ఇంకొక చేతికి పగులు.
నడిమి తలుపు కాడ కొత్త పీచుకట్ట వెట్టిన. బకీట్ల నీళ్ళు. చీకట్ల తడుముకుంటడని షెడ్డుల బల్బు గూడ ఏసే ఉంచిన.
ఇప్పుడు ఫికర్ — వెలుగు చూసి, లోపల నేనున్ననని మర్లిపోతడేమో...