చుట్టాలు తాగిన నీళ్ళు

ఫిబ్రవరి 9, ఉదయం 6.10

బకెట్ నిండటానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. మామూలుగా రెండు. ఓడలకూ మాకూ ఒకటే నీళ్ళ లైను. ఓడ వచ్చిందన్నమాట. బియ్యం ఒక్క గ్లాసే కడిగాను. ఆయన ఇవాళ రారు. రేపు కూడా అనుమానమే.

మూడింటికి లేచినప్పుడూ ధార ఇలాగే ఉంది, ఇది చుట్టాల ఓడే అయ్యుంటుంది. మన ఓడైతే రెండు గంటల్లో నీళ్ళు పట్టుకుని ఊరుకుంటుంది. చుట్టాలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ట్యాంకులు అడుగంటి ఉంటాయి, ఐదారు గంటలు వదలరు. మిత్రదేశాల నావికుల్ని క్వార్టర్స్‌లో అందరం చుట్టాలనే అంటాం. పై వాటా వదిన పెట్టిన పేరు. చెప్పకుండా వస్తారు, ఉన్న నీళ్ళన్నీ వాడేస్తారు, పోయేముందు ఫొటోలు దిగుతారు, ఇంకేమనాలి చెప్పు అంటుంది.

ఫిబ్రవరి 11

ఆయన వచ్చారు. తిన్నారు. పడుకున్నారు.

ఏడేళ్ళ కిందట ఇక్కడ చేపల పడవలు ఆగే చిన్న రేవు ఉండేది. రాళ్ళు పోసి సముద్రంలోకి అడ్డుగోడ కట్టారు. అడుగు తవ్వి లోతు చేశారు. రెండు పొడవాటి జెట్టీలు వేశారు. మూడు దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. ఇప్పుడు గేటు దగ్గర మూడు జెండాలు, బోర్డుల మీద మూడు భాషలు. ముగ్గురిలో ఎవరి ఓడైనా ఇక్కడ ఆయిల్ పోయించుకోవచ్చు, ఇంజిన్ విప్పించుకోవచ్చు, నీళ్ళు పట్టుకోవచ్చు. నిరుడు ఎక్కడో దీవులు మునిగితే మందులూ టెంట్లూ ఈ నేవీ బేస్ నుంచే వెళ్ళాయని పేపర్లో వేశారు. సముద్రం మీద కయ్యానికి దిగేవాడు ఈ జెట్టీలు చూసి వెనకాడతాడని కూడా వేశారు. నాకు తెలిసిందంతా పేపర్లోదే. ఆ జెట్టీల మీద ఓడలకు నీళ్ళ పైపు తగిలించే ఫిట్టర్ మా ఆయనే.

మొదట్లో అన్నీ చెప్పేవారు. వాల్వు ఎలా మొరాయించిందో, ఎవరు జారిపడ్డారో, చేతులు తిప్పుతూ చెప్పేవారు. ఒప్పందం అయ్యాక ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఓడల ఊసు ఇంట్లో కూడా ఎత్తకూడదు. ఆయన ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదు. ఓడలతో పాటు మిగతా ఊసులు కూడా మానేశారు. అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళాక ఇంట్లో గట్టిగా మాట్లాడేది మిక్సీ ఒక్కటే.

ఫిబ్రవరి 14

వదిన తల నిండా షాంపూ నురగతో మెట్లు దిగి వచ్చింది. నీ పట్టికలో ఇవాళ ఏముందో ముందే ఒక కేక వెయ్యొచ్చుగా వదినా, నా అవతారం చూడు అంది. నేను దాచిన రెండు బకెట్లూ ఇచ్చాను.

పట్టిక పద్నాలుగు నెలలది. బట్టలు ఏ రోజు నానబెట్టాలో తెలియక మొదలుపెట్టాను. తారీఖు, వేళ, బకెట్ నిండిన నిమిషాలు, ఎన్ని గంటలు అలా ఉంది, ఓడ మనదా చుట్టాలదా. చివరి గడిలో ఆయన వచ్చారా లేదా. అది బియ్యం కోసం.

క్వార్టర్స్ తరఫున బేస్ ఆఫీసుకు అర్జీ పెడదామంది వదిన. నోటితో చెబితే ఎవడూ వినడు, నీ అంకెలు చూపిస్తే నోళ్ళు మూతపడతాయి అంది. ఎర్ర ఇంకుతో గీతలు కొట్టి, మొత్తం పద్నాలుగు నెలలూ శుభ్రంగా ఎత్తి రాస్తున్నాను.

ఫిబ్రవరి 18

అర్జీ ఇచ్చారు. అక్కడి గుమస్తా పేజీలన్నీ తిప్పి, ఇంత పద్ధతిగా మా ఆఫీసులోనే ఎవరూ రాయరు అన్నాడట. వదినతో ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఫిబ్రవరి 24

జవాబు లేదు. రెండు నిమిషాలు.

ఫిబ్రవరి 27, మధ్యాహ్నం 2.30

ఆయన పట్టపగలు ఇంటికొచ్చారు. మెడలో గేట్ పాస్ లేదు. చెప్పులు విప్పకుండా కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్ళిస్తే తాగలేదు.

ఓడల రాకపోకలు ఎవరికి చెప్పావు అన్నారు. నన్ను ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో.

మెల్లగా తెలిసింది. పాస్ తీసేసుకున్నారు. ఏ ఓడ ఎప్పుడొచ్చిందో, ఎన్ని గంటలుందో రాసిన పద్నాలుగు నెలల జాబితా ఒక ఫిట్టర్ ఇంట్లోంచి బయటికొచ్చింది. ఆయన చెప్పకపోతే ఆయన భార్యకు ఎలా తెలుస్తుంది? నిరూపించుకోలేకపోతే ఉద్యోగం పోతుంది, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, కేసు కూడా పెడతారు.

పంపు చూసి రాశానని చెప్పాను. ఆయన నా వంక చూశారు. నమ్మారో లేదో తెలియలేదు.

ఫిబ్రవరి 28

వదిన కిందికి రాలేదు. ఎందుకొచ్చిన తద్దినం, ఆవిడే రాసింది, నేను మోసుకెళ్ళానంతే అని మెట్ల మీద ఎవరితోనో అంటుంటే వినపడింది. వినపడేలాగే అంది.

మార్చి 2

ఇద్దరు అధికారులు వచ్చారు. ఒకరు మనవారు, ఇంకొకరు చుట్టాలు. మన అధికారి చెవిలో అనువాదం చేస్తుంటే చుట్టాలాయన తలూపుతారు. నా పట్టిక నా భోజనాల బల్ల మీదే పరిచారు. జనవరి 17కు పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది.

ఆ రోజు జెట్టీకి ఏ ఓడా రాలేదమ్మా, చుట్టాలని ఎందుకు రాశారు అన్నారు.

మరి ఆరు గంటలు నీళ్ళెవరు తాగారండీ అన్నాను.

ఆ ముక్క అనువాదం చెయ్యలేదు.

పంపు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. పంపు చూసి ఓడ ఎవరిదో చెప్పడానికి ఇదేమన్నా సోదా అన్నారు. పరీక్ష పెట్టండి అన్నాను. అన్నాక నాకే భయం వేసింది.

మార్చి 4

ఐదు రోజుల పరీక్ష. ఆయన్ని బేస్‌లోనే ఉంచారు. నా ఫోనూ, పట్టిక రాసుకునే అసలు నోట్‌బుక్కూ తీసుకున్నారు. వంటింట్లో ఒక గార్డు కూర్చుంటుంది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. నేను బకెట్ పెట్టి, చీటీ మీద ఓడ సంగతి రాస్తే, ఆవిడ కవరులో పెట్టి అతికిస్తుంది.

ఉదయం ఎనిమిదిన్నర నిమిషాలు. మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. చుట్టాలు అని రాశాను.

మార్చి 5

ఈ గార్డు అక్కయ్య నోటికి తాళం లేదు. ముగ్గురు కోడళ్ళ సంగతులు, పై ఆఫీసరు బట్టతల, కొత్తగా కుట్టించిన జాకెట్టు బిగుతు. ఏమమ్మాయ్, అంత చిన్న గరిటెతో ఎలా తిప్పుతావు అంటుంది. పట్టుబట్టి గరిటె మార్పించింది.

పదకొండు గంటలకు నాలుగు నిమిషాలు. ఇంతవరకు అలా ఎప్పుడూ రాలేదు. తెలియదు అని రాశాను. ఏదో ఒకటి రాసి తగలెయ్యరాదూ, తెలియదంటే పరీక్ష పోదూ అంది. తెలియదు కాబట్టే తెలియదని రాశానక్కా అన్నాను.

మార్చి 8

పరీక్ష అయిపోయింది. అక్కయ్య సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. రెండు కప్పులు కడిగాను.

ఇంకో ఐదు రోజులు పెడితే బాగుండేదనిపించింది. ఇలా అనుకున్నానని ఆయనకు తెలిస్తే?

మార్చి 9

బేస్ గేటు దాటడం ఇదే మొదటిసారి. ఆయన అప్పటికే ఒక కుర్చీలో ఉన్నారు. గడ్డం మాసింది.

కవర్లు విప్పారు. అన్నీ సరిపోయాయి. నాలుగు నిమిషాల రోజున ఓడేదీ లేదట. నన్ను పరీక్షించడానికి వాళ్ళే వాల్వు సగం తిప్పారట. తెలియదు అన్న చీటీని రెండుసార్లు చదివారు.

అయినా వదల్లేదు. పంపు సంగతి ఒప్పుకున్నాం. ఎక్కువసేపు నీళ్ళు పట్టేది చుట్టాల ఓడేనని నీకెవరు చెప్పారు అన్నారు. ఆ రోజుల్లో బజారులో వాళ్ళ టోపీలు కనపడతాయి, మన ఓడకు కనపడవు అన్నాను. నీ భర్త నోరు జారలేదని రుజువేమిటి అన్నారు.

నా నోట్‌బుక్ వాళ్ళ బల్ల మీదే ఉంది. వెనక పేజీలు చూడమన్నాను.

వెనక పేజీల సంగతి ఈ డైరీలో కూడా రాయలేదు. ఆ పద్నాలుగు నెలల్లో ఆయన ఇంట్లో తనంతట తాను అన్న మాటలన్నీ తారీఖులతో రాసి పెట్టాను. మొత్తం ఒకటిన్నర పేజీ.

మన అధికారి పైకి చదవడం మొదలుపెట్టారు. ఫ్యాను చప్పుడు చేస్తోంది. ఉప్పు సరిపోయింది. చెప్పు తెగింది. ఏప్రిల్, ఏమీ లేదు. మే, గొళ్ళెం బిగించాను. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించారు. తర్వాత ఆపేశారు. చుట్టాలాయన ఏమిటని అడిగితే పేజీ ఆయన వైపు తిప్పారు. ఆయనకు మన లిపి రాదు. ఖాళీ గీతలు మాత్రం కనపడ్డాయి. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

మా ఆయన నేలకేసి చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

ఉద్యోగం నిలిచింది.

మార్చి 10

పాస్ ఇచ్చారు. నోట్‌బుక్ ఇవ్వలేదు. ఇకమీదట గడియారం పెట్టి నీళ్ళు కొలవనని నాతో కూడా సంతకం పెట్టించుకున్నారు. అదే రకం కాగితం. ఎక్కడ పెట్టాలో మా ఆయనే వేలితో చూపించారు.

 దారిలో రోడ్డు దాటేటప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నారు.

మార్చి 24

క్వార్టర్స్‌కు వేరే లైను వేసి, సొంత ట్యాంకు కట్టడం మొదలుపెట్టారు. అందాకా రోజూ రెండు లారీల నీళ్ళు వచ్చి సంపులో పడుతున్నాయి. ఏ వేళ తిప్పినా పంపు ధారగా వస్తోంది. వదిన దిగి వచ్చి, నీ చలవే వదినా అని చేతులు పట్టుకుంది. నేనూ నవ్వాను.

బియ్యం ఎన్ని గ్లాసులు పొయ్యాలో తెలియడం లేదు. రెండు పోస్తున్నాను. మిగిలిపోతోంది.

మార్చి 26, సాయంత్రం 6.40

ఆయన వచ్చారు. కాళ్ళు కడుక్కుని వంటింటి గడప దగ్గర నిలబడ్డారు. ఇవాళంతా ఏం చేశావు అని అడిగారు.

చెప్పొచ్చో లేదోనని ఆగాను. ఆయన నిలబడే ఉన్నారు.